తెర స్తంభించకుండా: గ్రాఫిక్స్ డ్రైవర్ మెమరీ కొరతను ఎదుర్కొనే విధానం

కంప్యూటర్‌పై పని సాగుతుండగా మౌస్ గుర్తు కదలడం మానేస్తుంది. తెరపై బొమ్మ అలాగే నిలిచిపోతుంది. కొన్ని క్షణాల తర్వాత తెరిచి ఉన్న పత్రం దానంతట అదే మూసుకుపోతుంది. భద్రపరచని భాగం తిరిగి రాదు. యంత్రం పాతబడిందనో, ర్యామ్ చాలలేదనో వినియోగదారుడు సరిపెట్టుకుంటాడు. ర్యామ్ చాలకపోవడం నిజమే కావచ్చు. అయితే కొరత ఏర్పడటం వేరు, కొరత వేళ యంత్రం నడుచుకునే తీరు వేరు. ఆ తీరును నిర్ణయించే భాగాలలో గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రధానమైనది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, బొమ్మను గీసే ప్రాసెసర్ అయిన జీపీయూకూ మధ్య నిలిచి పని నడిపించే సాఫ్ట్‌వేరే గ్రాఫిక్స్ డ్రైవర్. మెమరీని విరివిగా వాడుకునే భాగాలలో ఇది ఒకటి. కొరత వచ్చినప్పుడు కెర్నెల్ ముందుగా ఆశ్రయించేవారిలోనూ ఇది ఒకటి. అదే సమయంలో తన పని తాను ముగించుకోవడానికి దీనికే మరికొంత మెమరీ అవసరం కావచ్చు. ఇవ్వవలసినవాడూ, అడిగేవాడూ ఒకడే కావడమే ఇక్కడి అసలు చిక్కు. ఈ చిక్కును లినక్స్ కెర్నెల్ ఎలా విడదీసిందో పరిశీలిస్తే తక్కిన వ్యవస్థల తీరు కూడా సులభంగా బోధపడుతుంది.

మెమరీ ఎక్కడ ఉంటుంది

1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరపై ప్రతి చుక్కకూ 4 బైట్ల చొప్పున లెక్కిస్తే ఒక్క బొమ్మకే 82,94,400 బైట్లు కావాలి. 3840, 2160 కొలతలు గల తెరకు 3,31,77,600 బైట్లు పడుతుంది. ఒక బొమ్మ కనిపిస్తుండగానే తర్వాతి బొమ్మ సిద్ధం కావాలి కనుక ఇటువంటివి రెండు మూడు ఉంటాయి. తెరిచిన ప్రతి విండోకూ సొంత బఫర్ ఉంటుంది. ఆటలు, వీడియోలు, పటాలు వాడే చిత్రాలు వీటికి అదనం.

ఈ బఫర్ల నివాసం యంత్రాన్ని బట్టి మారుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో దానికి సొంత వీడియో మెమరీ ఉంటుంది. అది చాలా వేగవంతమైనది. 256 బిట్ల వెడల్పుతో, సెకనుకు 14 గిగాబిట్ల వేగంతో పనిచేసే జీడీడీఆర్6 మెమరీ సెకనుకు 448 గిగాబైట్లు అందించగలదు. అదే కార్డు ప్రధాన మెమరీని చేరుకోవాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో వెళ్లాలి. నాలుగో తరం దారికి 16 లేన్లు ఉన్నా ఒక దిశలో సెకనుకు దాదాపు 32 గిగాబైట్లే దాని పరిమితి. అంటే సొంత మెమరీతో పోలిస్తే పద్నాలుగో వంతు.

సాధారణ ల్యాప్‌టాప్‌లు, మొబైల్ ఫోన్లు చాలావరకు ఇలా ఉండవు. వాటిలో జీపీయూ కూడా ప్రధాన ర్యామ్‌నే పంచుకుంటుంది. బ్రౌజర్‌కు వెళ్లవలసిన పేజీలూ, బొమ్మకు వెళ్లవలసిన పేజీలూ ఒకే కుండలోని నీళ్లు.

అందుచేత కొరత రెండు రూపాలలో వస్తుంది. కార్డు మీది వీడియో మెమరీ నిండిపోవడం మొదటిది. అప్పుడు ప్రధాన ర్యామ్‌లో చోటు మిగిలి ఉండవచ్చు. యంత్రం మొత్తానికే ర్యామ్ అడుగంటడం రెండోది. మొదటిదానికి తరలింపు మందు. రెండోదానికి త్యాగం తప్పదు.

నిర్వహణ కెర్నెల్ చేతికి వచ్చిన క్రమం

లినక్స్‌లో గ్రాఫిక్స్ వ్యవహారాలను చూసే కెర్నెల్ విభాగం పేరు డైరెక్ట్ రెండరింగ్ మేనేజర్, సంక్షిప్తంగా డీఆర్‌ఎం. 2008 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6.28తో ఇంటెల్ ఇంజినీర్లు రూపొందించిన గ్రాఫిక్స్ ఎగ్జిక్యూషన్ మేనేజర్ అందులో చేరింది. దీన్నే ‘జెమ్’ అంటారు. జెమ్‌లో ప్రతి బఫర్ ఒక వస్తువు. ఆ వస్తువుకు ఆధారంగా ఉండే పేజీలు సాధారణ ఫైలు పేజీల వంటివే కనుక, జీపీయూ వాడని వేళ వాటిని డిస్కులోని స్వాప్ భాగానికి పంపవచ్చు.

సొంత వీడియో మెమరీ గల కార్డులకు ఇది చాలలేదు. 2009లో వచ్చిన 2.6.31లో టంగ్‌స్టన్ గ్రాఫిక్స్ సంస్థ అభివృద్ధి చేసిన ట్రాన్స్‌లేషన్ టేబుల్ మ్యాప్స్, అంటే టీటీఎం, ప్రవేశించింది. ఒక బఫర్ వీడియో మెమరీలో ఉండాలా, జీపీయూకు కనిపించే ప్రధాన ర్యామ్‌లో ఉండాలా, దానికి కనిపించని ర్యామ్‌కు పోవాలా అనే విషయాన్ని ఇది చూసుకుంటుంది. ఏఎండీ కార్డుల డ్రైవర్లు, ఎన్‌విడియా కార్డుల కోసం రూపొందిన స్వేచ్ఛా డ్రైవర్ నూవో దీనిపై ఆధారపడ్డాయి. 2024లో లినక్స్ 6.8తో వచ్చిన ఇంటెల్ ఎక్స్‌ఈ డ్రైవర్ కూడా టీటీఎంనే ఎంచుకుంది.

తరలింపు

వీడియో మెమరీ నిండినప్పుడు కొత్త బఫర్‌కు చోటు కల్పించాలంటే పాతదాన్ని కదల్చాలి. ఏది పాతదో తెలియడానికి డ్రైవర్ ఒక వరుసను ఉంచుకుంటుంది. ఇటీవల వాడిన బఫర్ వరుస చివరకు చేరుతుంది. చాలాకాలంగా ఎవరూ ముట్టనిది ముందుకు వస్తుంది. తరలింపు ముందు నుంచే మొదలవుతుంది.

అన్నిటినీ కదల్చడానికి వీలుండదు. తెర ప్రస్తుతం చదువుతున్న బఫర్‌ను ఉన్నచోటనే పట్టి ఉంచాలి. జీపీయూ గీస్తున్న బఫర్‌ను ఆ పని పూర్తయ్యేదాకా ముట్టరాదు. పట్టి ఉంచిన బఫర్లు ఎక్కువైతే మొత్తం ఖాళీ సరిపోయినా అది చిన్న చిన్న ముక్కలుగా మిగులుతుంది, పెద్ద బఫర్ పట్టదు. ఇంటెల్ ఐ915 డ్రైవర్‌కు జీపీయూ చిరునామాల పట్టికలో ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. ముందు కొద్దిమందిని కదిల్చి చూడటం, అప్పటికీ చోటు కుదరకపోతే కదల్చగలిగినవారందరినీ ఖాళీ చేయించి వరుసగా మళ్లీ సర్దటం దాని పద్ధతి. అదీ ఫలించకపోతేనే చోటు లేదన్న సంకేతాన్ని అడిగినవారికి పంపుతుంది.

తరలింపుకు ధర ఉంది. రెండు ప్రోగ్రాముల అవసరాలు కలిసి వీడియో మెమరీని మించితే, ఒకదాని వంతు వచ్చినప్పుడల్లా రెండోదాని బఫర్లు బయటకు పోతాయి. గీయడానికి పట్టవలసిన కాలం మోయడానికే చెల్లిపోతుంది. అందుకే ఏఎండీజీపీయూ డ్రైవర్ ఒక పనికోసం ఎన్ని బైట్లు కదల్చవచ్చో పరిమితి పెట్టుకుంటుంది. అది దాటితే బఫర్‌ను ప్రధాన ర్యామ్‌లోనే ఉంచి అక్కడి నుంచే వాడుకుంటుంది. బొమ్మ నెమ్మదిస్తుంది గాని తెర ఆగిపోదు.

ష్రింకర్ చేసే త్యాగం

యంత్రమంతటా ర్యామ్ తగ్గినప్పుడు కథ మారుతుంది. ఖాళీ పేజీలు ఒక గీత కిందికి దిగగానే కెర్నెల్‌లోని కేస్వాప్‌డీ అనే నేపథ్య ప్రక్రియ మేల్కొని పేజీలను సేకరించడం మొదలుపెడుతుంది. ఇంకా దిగితే, మెమరీ అడిగిన ప్రక్రియే తన పని ఆపి స్వయంగా సేకరణకు పూనుకోవాలి. ఈ రెండు సందర్భాలలోనూ కెర్నెల్ తన విభాగాలను రెండు ప్రశ్నలు అడుగుతుంది. నీ దగ్గర వదలగలిగినవి ఎన్ని? అందులో ఇన్ని ఇప్పుడే వదలగలవా? వీటికి బదులివ్వడానికి ఒక విభాగం నమోదు చేసుకునే ఏర్పాటే ష్రింకర్.

గ్రాఫిక్స్ ష్రింకర్‌కు దొరికే సులువైన ఆదాయం ‘అక్కరలేనివి’గా గుర్తు పెట్టిన బఫర్లు. బఫర్‌ను కొత్తగా పొందడం ఖర్చుతో కూడిన పని కనుక మీసా వంటి గ్రాఫిక్స్ లైబ్రరీలు వాడేసిన బఫర్లను వెంటనే వదలక దాచుకుంటాయి. దాచేటప్పుడు వాటిపై ‘అవసరమైతే తీసుకో’ అన్న గుర్తు ఉంచుతాయి. కొరత లేకపోతే అదే బఫర్ మళ్లీ పనికి వస్తుంది. కొరత వస్తే కెర్నెల్ దాన్ని స్వాప్‌కు కూడా పంపకుండా నేరుగా రద్దు చేస్తుంది. తిరిగి వాడబోయినప్పుడు అది ఉన్నదో పోయిందో లైబ్రరీకి తెలుస్తుంది. ఇంటెల్ డ్రైవర్‌తో పాటు, క్వాల్‌కామ్ అడ్రినో జీపీయూలకు చెందిన ఎంఎస్ఎం, ఆర్మ్ మాలీ జీపీయూలకు చెందిన ప్యాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్లలోనూ ఈ ఏర్పాటు ఉంది.

రక్షణ మార్గమే ఉరి అయితే

ఇంతవరకు విషయం సరళమే. కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. డ్రైవర్ ఒక బఫర్ జాబితాను మార్చడానికి దానికి తాళం వేసుకుని, ఆ పని మధ్యలో మెమరీ అడిగిందనుకుందాం. ర్యామ్ లేదు. కెర్నెల్ సేకరణకు దిగి ష్రింకర్లను పిలిచింది. ఆ ష్రింకర్ మరెవరిదో కాదు, ఆ డ్రైవర్‌దే. వదలవలసిన బఫర్లను చూడాలంటే అదే తాళం కావాలి. తాళం తన చేతిలోనే ఉంది, పని ముగిసేదాకా వదలదు. మెమరీ వచ్చేదాకా పని ముగియదు. తాళం వచ్చేదాకా మెమరీ రాదు. డెడ్‌లాక్ అనే ఈ స్థితిలో ఏ దోష సందేశమూ కనిపించదు. తెర నిలిచిపోతుంది.

దీనికి కుదిరిన సూత్రం నిరాడంబరమైనది. ష్రింకర్ తాళం కోసం నిరీక్షించరాదు. ప్రయత్నించి చూడాలి, అందకపోతే ఆ బఫర్‌ను వదిలి తర్వాతి దానికి వెళ్లాలి. కొన్ని పేజీలు తక్కువ దొరకవచ్చు గాని దారి మూసుకుపోదు.

ఒక పనికి అనేక బఫర్లు, అంటే అనేక తాళాలు కావలసినప్పుడు మరో రకం చిక్కు వస్తుంది. ఇద్దరు చెరికొన్ని తాళాలు పట్టుకుని రెండోవారి చేతిలోని వాటికోసం ఎదురుచూడవచ్చు. 2013లో లినక్స్ 3.11తో వచ్చిన ప్రత్యేక తాళాల పద్ధతి దీన్ని వయసుతో తీర్చింది. ముందు వచ్చినవారికే ప్రాధాన్యం. తర్వాత వచ్చినవారు చేతిలోని తాళాలన్నీ వదిలి, ముందువారి పని అయ్యాక మొదటి నుంచి ఆరంభించాలి.

అన్నింటికన్నా కఠినమైన నియమం ‘ఫెన్స్’కు సంబంధించినది. జీపీయూ ఒక పని ముగించిందని తెలిపే సంకేతమే ఫెన్స్. జీపీయూ చేతిలో ఉన్న పేజీని తీసుకోవాలంటే కెర్నెల్ ఆ ఫెన్స్ కోసం వేచి ఉండవలసి రావచ్చు. అందుచేత ఫెన్స్ సంకేతం వెలువడే దారిలో ఎక్కడా సేకరణకు దిగే రీతిలో మెమరీ అడగరాదు. అడిగితే మెమరీ ఫెన్స్ కోసం, ఫెన్స్ మెమరీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. పనిని జీపీయూకు అందించే చివరి అంచెకు, చిక్కుకుపోయిన జీపీయూను తిరిగి ప్రారంభించే మార్గానికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. 2020లో ఈ నియమాన్ని తనిఖీ చేసే గుర్తులు కెర్నెల్‌లో చేరాయి.

ముందే సమకూర్చుకోవడం

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం వ్యర్థమన్నది తెలుగునాట అందరికీ తెలిసిన మాట. గ్రాఫిక్స్ డ్రైవర్ల రూపకల్పన అదే మాట చుట్టూ తిరుగుతుంది. ప్రతి పనినీ రెండు భాగాలు చేస్తారు. మొదటి భాగంలో కావలసిన మెమరీ, చోటు, తాళాలు అన్నీ సమకూర్చుకోవాలి. ఏది అందకపోయినా ఏమీ మార్చకుండా వెనక్కి వచ్చి, లేదని చెప్పాలి. రెండో భాగంలోకి అడుగుపెట్టాక కొత్తగా అడగడం ఉండదు, విఫలం కావడమూ ఉండదు.

తెర అమరికను మార్చే అటామిక్ మోడ్ సెట్టింగ్ విధానం దీనికి చక్కని ఉదాహరణ. 2015 నాటికి లినక్స్‌లో స్థిరపడిన ఈ విధానంలో ముందు ‘తనిఖీ’ జరుగుతుంది, తర్వాత ‘అమలు’ జరుగుతుంది. కొత్త తెర, కొత్త కొలత, కొత్త బఫర్ కుదురుతాయో లేదో తనిఖీలోనే తేలాలి. మెమరీ లేదని చెప్పే అవకాశం అమలుకు ముందు వరకే. ఈ గీత లేకపోతే పాత బొమ్మ పోయి, కొత్త బొమ్మ రాక, తెర నల్లగా మిగులుతుంది.

మెమరీ అందకపోయినా పని ముందుకు సాగే చోట వదులుకోవడమే మంచిది. జీపీయూ చిక్కుకుపోయినప్పుడు ఐ915 డ్రైవర్ ఆ క్షణపు స్థితిని పరిశీలన కోసం నమోదు చేస్తుంది. అందుకు మెమరీ దొరకకపోతే నమోదు అసంపూర్ణమవుతుంది తప్ప జీపీయూ పునరుద్ధరణ ఆగదు. రోగి కోలుకోవడం ముఖ్యం, కేసు కాగితం తర్వాత.

ల్యాప్‌టాప్ మూత మూయడం కూడా ఈ పరీక్షే. యంత్రం నిద్రలోకి వెళ్తే కార్డుకు విద్యుత్తు ఆగిపోయి వీడియో మెమరీలోనిది చెరిగిపోవచ్చు. కనుక ముందుగా దాన్ని ప్రధాన ర్యామ్‌కు చేర్చాలి. అక్కడ చోటు లేకపోతే కొన్ని పేజీలు డిస్కుకు పోవాలి. ఆ సమయానికి డిస్కే నిద్రపోయి ఉంటే దారి లేదు, నిద్ర ప్రయత్నం విఫలమవుతుంది. ఏఎండీజీపీయూ డ్రైవర్‌లో ఈ తరలింపును డిస్కు మెలకువగా ఉండే సన్నాహక దశకు జరపడంతో ఆ చిక్కు తీరింది. ఇక్కడ మెమరీ పెరగలేదు. పని వేళ మారింది, అంతే.

ఎవరిని ఆపాలి

ఎంత సేకరించినా చాలకపోతే లినక్స్ చివరి అస్త్రం ఓఓఎం కిల్లర్. ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రక్రియను గుర్తించి దాన్ని ముగిస్తుంది. ప్రక్రియ ర్యామ్‌లో, స్వాప్‌లో వాడుకున్న పేజీలే దాని లెక్కకు ఆధారం. గ్రాఫిక్స్ బఫర్ల పేజీలు ఈ లెక్కలోకి సరిగా రావు. వందల మెగాబైట్ల బఫర్లు పట్టుకున్న ప్రోగ్రాం చిన్నదిగా కనిపించి తప్పించుకోవచ్చు. దాని బదులు వేరొకరు తెరిచి ఉంచిన పత్రం బలికావచ్చు. తప్పు ఒకరిది, దండన మరొకరికి అన్న పరిస్థితి ఇది.

దీన్ని సరిదిద్దే ప్రయత్నం సాగుతోంది. ఏ ప్రక్రియ చేతిలో ఎంత గ్రాఫిక్స్ మెమరీ ఉందో ఇటీవలి కెర్నెళ్లు తెలియజేస్తున్నాయి. 2025 మార్చిలో వెలువడిన లినక్స్ 6.14తో పరికరాల మెమరీని బృందాలవారీగా పంచి, పరిమితులు విధించే డీమెమ్ అనే నియంత్రణ వచ్చింది. లెక్క స్పష్టంగా ఉన్నచోటే న్యాయమైన పంపకం సాధ్యమని ఈ మార్పులు సూచిస్తున్నాయి.

ఇతర వ్యవస్థలు

మైక్రోసాఫ్ట్ 2007లో విస్టాతో కొత్త డ్రైవర్ నమూనాను తెచ్చి, వీడియో మెమరీ పంపకాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇచ్చింది. జీపీయూ రెండు సెకన్లపాటు స్పందించకపోతే దాన్ని తిరిగి ప్రారంభించే ఏర్పాటు కూడా అందులో ఉంది. 2015లో వచ్చిన విండోస్ 10 ప్రతి ప్రోగ్రాముకూ వీడియో మెమరీ బడ్జెట్‌ను ప్రకటించసాగింది. ఆ పరిధిలో ఉండే బాధ్యత ప్రోగ్రాముదే. 2016లో విడుదలైన వల్కన్ ప్రమాణంలోనూ, పరికరంలో మెమరీ లేదన్న జవాబు ఒక సాధారణ ఫలితం. దాన్ని చదివి, తక్కువ నాణ్యత గల చిత్రాలతో సర్దుకోవడం ప్రోగ్రాం రాసేవారి పని.

ఆండ్రాయిడ్ ఫోన్లలో కొరత పూర్తిగా ముదరక ముందే చర్య మొదలవుతుంది. మెమరీ కోసం ప్రక్రియలు ఎంతసేపు నిరీక్షిస్తున్నాయో కొలిచే పద్ధతి 2018లో లినక్స్ 4.20తో వచ్చింది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఎల్‌ఎంకేడీ అనే సేవ ఆ కొలతను గమనిస్తూ వెనుక ఉన్న యాప్‌లను ముగిస్తుంది. కెమెరా తెరిచి తిరిగి రాగానే చదువుతున్న పేజీ మొదటి నుంచి తెరుచుకోవడానికి ఇదొక కారణం.

పరీక్ష లేని రక్షణ

కొరత మార్గంలోని దోషాలు అరుదుగా బయటపడతాయి. డ్రైవర్ రాసేవారి బల్లపై సాధారణంగా ర్యామ్ పుష్కలంగా ఉన్న యంత్రమే ఉంటుంది. ఆ మార్గం అక్కడ నడవదు. అది తొలిసారి నడిచేది తక్కువ ర్యామ్ గల యంత్రం ముందు కూర్చున్న వినియోగదారుడి ఎదుట. అందుకే కొరతను కృత్రిమంగా సృష్టించాలి. మెమరీ అడిగినప్పుడు కావాలనే లేదని చెప్పే సదుపాయం లినక్స్‌లో 2007 నుంచి ఉంది. తాళాల క్రమాన్ని గమనించే లాక్‌డెప్ 2006లో వచ్చింది. డెడ్‌లాక్ వాస్తవంగా సంభవించకపోయినా, దానికి దారితీసే క్రమం ఒక్కసారి కనిపిస్తే చాలు, అది హెచ్చరిస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ల కోసం ఐజీటీ అనే పరీక్షల సంపుటి ప్రత్యేకంగా ఉంది.

ఈ జాగ్రత్త భారతదేశానికి దూరపు విషయం కాదు. సీ-డ్యాక్ రూపొందించిన బాస్ లినక్స్, కేరళ పాఠశాలల్లో ఐటీ విద్యకు వాడే వ్యవస్థ, దేశంలో అత్యధికుల చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు, ఇవన్నీ లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తున్నాయి. వీటిలో విడి గ్రాఫిక్స్ కార్డు అరుదు. బొమ్మకూ పనికీ ఒకే ర్యామ్ ఆధారం. కొత్త యంత్రం కొనగలిగినవారికి కొరత ఒక అసౌకర్యం. ఉన్న యంత్రాన్నే మరికొన్నేళ్లు వాడుకోవలసిన పాఠశాలకు, విద్యార్థికి మాత్రం డ్రైవర్‌లో ముందుచూపుతో రాసిన ఆ కొన్ని వరుసలే, పని నెమ్మదించడానికీ పూర్తిగా పోవడానికీ మధ్య నిలిచే తేడా.